తిన్నారా, మేడం?

మా స్టాఫ్ రూము వెనక కిటికీ తెరిస్తే సముద్రం కనిపించదు కానీ దాని వాసన వస్తుంది. తూర్పు గాలి తిరిగిన రోజు మొదటి పీరియడ్ నుంచే ఎండుచేపల వాసన తరగతి గదుల్లోకి వచ్చి కూర్చుంటుంది. విశాఖ పాతనగరంలో, ఫిషింగ్ హార్బర్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల మాది. నేను జీవశాస్త్రం చెబుతాను. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నాను.

మా పిల్లల్లో సగానికి పైగా హార్బర్ మీద బతికే ఇళ్ల నుంచి వస్తారు. తండ్రులు మరబోట్ల మీద కలాసీలు. తల్లులు తెల్లవారక ముందే వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని అల్లిపురం, జగదాంబ వీధుల్లో అమ్ముకుని వస్తారు. మిగిలినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కూలిపనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు. వీళ్లకు కష్టం చెప్పుకునే అలవాటు తక్కువ. ఇంట్లో అందరికీ అదే కష్టం ఉన్నప్పుడు ఎవరు ఎవరికి చెప్పుకుంటారు?

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఒక అమ్మాయిది. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు రాయను, ఆమెను పోల్చుకోగలిగే ఒకటి రెండు వివరాలు మార్చాను. ఇందులో నా సంగతి కూడా ఉంది. దాన్ని మాత్రం మార్చలేదు.

2023 నవంబరు 19, ఆదివారం. అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్ మనం ఓడిపోయిన రోజు కాబట్టి ఆ తేదీ చాలామందికి గుర్తుంటుంది. మా పిల్లలకు అది వేరే కారణంతో గుర్తుంది. ఆ రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో కట్టి ఉంచిన బోట్లకు నిప్పంటుకుంది. ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకింది. బోట్లలో వంటకు పెట్టుకున్న గ్యాస్ సిలిండర్లు పేలాయి. తెల్లవారేసరికి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోటు యజమానికి బోటు పోయింది, దాని మీద వేటకు వెళ్లే కలాసీలందరికీ పని పోయింది. ఆ రాత్రి మా విద్యార్థుల్లో చాలామంది మేడల మీద, గట్ల మీద నిలబడి ఎర్రబడిన ఆకాశం చూస్తూ, పేలుళ్లు లెక్కపెడుతూ గడిపారట. ఈ మాట నాకు తెలిసింది రెండు నెలల తర్వాత.

సోమవారం మేము బడి నడిపాం. పదో తరగతి ‘బి’ సెక్షన్‌కు నేనే క్లాస్ టీచర్‌ని. 41 మందిలో 29 మంది వచ్చారు. మిగతావాళ్లు ఎందుకు రాలేదో అందరికీ తెలుసు. ప్రార్థనలో హెచ్‌.ఎం. గారు రెండు మాటలు చెప్పారు, ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాం. తర్వాత లోపలికి వెళ్లి హాజరు వేశాను. ఆ రోజు స్లిప్ టెస్ట్ ఉంది. పెట్టాను.

ఎందుకు పెట్టావని ఎవరూ నన్ను అడగలేదు. సిలబస్ డిసెంబరులోగా పూర్తి చేయాలి, మార్కులు సాయంత్రానికల్లా ఎక్కించాలి. ఆ పరుగులో పిల్లలను ‘నిన్న రాత్రి మీరంతా ఎక్కడున్నారు?’ అని అడగడానికి చోటు లేదు. అడగాలని తోచను కూడా లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తోచకపోవడమే.

ఆ అమ్మాయి మొదటి బెంచీలో కూర్చునేది. బొమ్మలు ముత్యాల్లా వేసేది. గుండె నిలువుకోత వేయమంటే ధమనికి ఎరుపు, సిరకు నీలం కచ్చితంగా దిద్దేది. డిసెంబరులో ఒకరోజు తనంతట తానే చివరి బెంచీకి మారింది. నేను గమనించాను కానీ స్నేహితురాళ్ల గొడవ అనుకున్నాను. తర్వాత రికార్డు రాయడం మానేసింది. మధ్యమధ్య కడుపునొప్పి అని ఇంటికి వెళ్లిపోయేది. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి వారంలో, తరగతి మొత్తం ముందు నేను అన్న మాట ఇది: ‘27, నిలబడు. నీ మీద పెట్టుకున్న నమ్మకం ఇదేనా?’

పిల్ల ఏడవలేదు. నవ్వింది. ఆ నవ్వును పొగరు అనుకుని ఇంకో రెండు మాటలు అన్నాను.

‘27’ అన్నానని గమనించారా? ఇరవై ఏళ్లు పిల్లలను పేర్లతో పిలిచిన నేను ఆ చలికాలంలో ఎప్పుడో రోల్ నంబర్లతో పిలవడం మొదలుపెట్టాను. ఎప్పుడని అడిగితే చెప్పలేను.

నా సంగతి అప్పుడు ఇలా ఉంది. మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి ఏడు నెలలైంది. ఉదయం నాలుగున్నరకు లేచి ఆమెకు స్నానం చేయించి, బట్టలు మార్చి, వంట చేసి, గోపాలపట్నంలో బస్సెక్కి, కంచరపాలెం, జ్ఞానాపురం దాటి బడికి చేరేసరికే సగం రోజు గడిచినట్టుండేది. బడిలో మొదటి గంట చేతిలో ఫోనుతోనే గడిచేది. హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో. నెట్‌వర్క్ రాకపోతే వరండా చివరికి వెళ్లి చెయ్యి పైకెత్తి నిలబడాలి. సాయంత్రం పదో తరగతికి స్పెషల్ క్లాసులు. ఎన్నికల సంవత్సరం కాబట్టి ఆ శిక్షణలూ మొదలయ్యాయి. ఇంటికి వెళితే మా అబ్బాయి ఏదో చెబుతుంటాడు, పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట చెవికి చేరదు. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది. బి.పి. చూపించుకోవాలని నవంబరులో అనుకుని జనవరి దాకా వెళ్లలేదు.

ఇదంతా చెప్పింది జాలి కోసం కాదు. మా స్టాఫ్ రూములో ఇలాంటి కథ లేని మనిషి లేరు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను, దీనికి ఒక పేరుంది, ‘బర్నౌట్’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా, పని వల్ల కలిగే స్థితిగా చేర్చారు. క్రిస్టినా మాస్లాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1981లోనే దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. ఆమె చెప్పిన లక్షణాలు మూడు. మనసు పూర్తిగా అలసిపోవడం మొదటిది. చేసే పనికి విలువ లేదనిపించడం మూడోది. మధ్యలో ఉన్నదాన్ని చదువుతున్నప్పుడు నా చేతులు ఆగిపోయాయి. ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్లు మనుషులుగా కాక వస్తువుల్లా, పనుల్లా కనిపించడం. 27. నిలబడు.

మర్నాడు ఆ అమ్మాయి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మూడో రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం భోజనం బెల్లు తర్వాత నేను వంటగది షెడ్డు వెనక నీడలో నిలబడి ఉన్నాను. డబ్బా తెరవలేదు. ఆకలి లేదు. మా బడిలో వంట చేసే ఆమె అన్నం గుండిగ కడుగుతూ తలెత్తి చూసి, ‘తిన్నారా, మేడం?’ అంది.

రోజూ వందసార్లు వినే మాట. మన దగ్గర ఎదురుపడిన మనిషిని పలకరించే మాటే అది. జవాబుగా ‘ఆ, తిన్నాను’ అనేస్తాం. ఆ రోజు ఆ మాట నోట్లోంచి రాలేదు. కన్నీళ్లు వచ్చాయి. ఆమె కంగారు పడలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని, గుండిగ బోర్లించి దాని మీద నన్ను కూర్చోబెట్టింది. స్టీలు పళ్లెంలో కొంచెం అన్నం, పప్పు, ఒక గుడ్డు పెట్టి ఇచ్చింది. నేను తింటున్నంతసేపూ ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. చివరికి ఒక్క మాట అంది.

‘మీ తరగతి పిల్ల కూడా ఇంతేనమ్మా. నెల రోజులుగా పళ్లెం పట్టుకుంటుంది, తినదు. మీతో చెబుదామనుకుంటాను. మీరు ఎప్పుడూ పరుగులోనే ఉంటారు.’

నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనానికి వందల మందికి వండే మనిషి ఆమె. మనస్తత్వ శాస్త్రం శిక్షణకు ఎవరూ ఆమెను పిలవలేదు. ఆ బడిలో మా ఇద్దరినీ చూసింది ఆమె ఒక్కతే. ఎందుకంటే ఆమె పళ్లాలు చూస్తుంది. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం స్పెషల్ క్లాసు లెక్కల మాస్టారికి అప్పగించి అమ్మాయిని సైన్స్ ల్యాబుకు తీసుకెళ్లాను. అక్కడ ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. ఇద్దరం బల్ల మీద పరీక్ష నాళికలు కడుగుతూ కూర్చున్నాం. ఏం జరిగిందని అడిగితే ఏమీ లేదు మేడం అంది. మళ్లీ అడగలేదు. నేను ఆ రోజు తరగతిలో అన్న మాట తప్పని, అలా అనాల్సింది కాదని చెప్పాను. మధ్యాహ్నం షెడ్డు వెనక నేను ఏడ్చానని కూడా చెప్పాను. నాళికలు కడగడం ఆపి నా వైపు చూసింది. అప్పుడు మొదలుపెట్టింది.

నాన్న పనిచేసే బోటు కాలిపోయింది. ఆ రాత్రి ఆయన హార్బర్‌లోనే ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. తెల్లవారి ఐదింటికి ఇంటికి వచ్చాడు. ఆ మధ్యలో ఐదారు గంటలు ఈ పిల్ల తమ్ముడి చెవులు రెండు చేతులతో మూసి పట్టుకుని కూర్చుంది. నాన్న వచ్చాక అంతా సర్దుకుంది అనుకుంది. రెండు వారాల తర్వాత ఒకరోజు బడిలో ఎవరో బెంచీ పడేశారు. ఆ చప్పుడుకు గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి ఆడలేదు. అప్పటి నుంచి ఎప్పుడు వస్తుందో తెలియదు. గంట కొట్టినప్పుడు వస్తుంది. ప్రశ్నపత్రం ఇచ్చినప్పుడు వస్తుంది. వాళ్ల అమ్మ రెండుసార్లు క్లినిక్‌కు తీసుకెళ్లింది. ఇ.సి.జి. తీశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే మరి ఈ ఖర్చు ఎందుకని ఇంట్లో మాట పడింది. తలుపు దగ్గర కూర్చుంటే బయటికి వెళ్లడం తేలికని చివరి బెంచీకి మారింది.

‘చచ్చిపోతానేమో అనిపిస్తుంది మేడం’ అంది.

ఇక్కడ నేను ఆగాలి. పెద్దవాళ్లం ఇలాంటి మాట వినగానే ‘ఛ, అలాంటి మాటలు అనకూడదు’ అంటాం. ఆ ఒక్క వాక్యంతో తలుపు మూసుకుపోతుంది. నాకూ అదే నోటిదాకా వచ్చింది. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకు భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, పైగా మనసు విప్పడానికి దారి దొరుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అంతకు ముందెప్పుడో ఒక శిక్షణలో విన్న ఆ మాట గుర్తొచ్చి, గొంతు వణుకుతున్నా అడిగాను: ‘చచ్చిపోతానేమోనని భయమా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?’

‘లేదు మేడం. భయం. నేను పోతే తమ్ముడిని ఎవరు చూస్తారు?’

మాట చివరన ఒక చిన్న తేడా. దాని మీదే మనం చేయవలసిన పని మారిపోతుంది. రెండో జవాబు వచ్చి ఉంటే ఆమెను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని.

ఆమె మాట్లాడుతుండగానే చేతులు చల్లబడటం మొదలైంది. మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. 118. ఈ పని మా తరగతిలో ప్రసరణ పాఠం చెప్పేటప్పుడు అందరితో చేయిస్తాను. ‘ఇప్పుడు నాకు చెప్పు, ఎడ్రినలిన్ విడుదలైతే శరీరంలో ఏం జరుగుతుంది?’ అన్నాను. నియంత్రణ, సమన్వయం పాఠంలో నాలుగు మార్కుల ప్రశ్న అది. అర్ధసంవత్సరం పరీక్షలో ఆమె నాలుగుకు నాలుగు తెచ్చుకుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది, కనుపాపలు విప్పారుతాయి, చర్మానికీ జీర్ణవ్యవస్థకూ వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. అప్పజెబుతూ అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయింది. తన చేతుల వైపు చూసుకుంది.

‘అందుకేనా మేడం ఆకలి వేయదు?’

అవునన్నాను. నీ గుండెకు జబ్బు లేదు, అది తన పని తాను చేస్తోంది, కాకపోతే అపాయం దాటిపోయిందని దానికింకా తెలియలేదు అన్నాను. ఊపిరి పీల్చిన దానికంటే వదిలేది నిదానంగా, పొడుగ్గా ఉండాలని చెప్పి ఇద్దరం కలిసి వదిలాం. అలా నెమ్మదిగా వదిలినప్పుడు గుండె వేగాన్ని తగ్గించే నరాలు పని అందుకుంటాయి. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ లెక్కపెట్టాను. 92. ఆ అంకె తనే తన నోట్సు చివరి పేజీలో రాసుకుంది.

ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. ఆ ఏడాది పాఠంలోని ప్రతి వాక్యం నా ఎదురుగా చివరి బెంచీలో కూర్చుని ఉంది. ప్రతి రాత్రి నా దిండు కింద కూడా ఉంది. రెండింటినీ నేను చదవలేదు.

అక్కడితో అయిపోలేదు. నేను టీచర్‌ని, వైద్యురాలిని కాను. మర్నాడు వాళ్ల అమ్మను పిలిపించి, స్పీకరు పెట్టి 14416కు ఫోను చేశాం. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైను. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అవతలి గొంతు ఓపికగా విని, ఒకసారి నేరుగా చూపించమంది. ఎక్కడికి అనేసరికి ఆ తల్లి ముఖం మారిపోయింది. విశాఖలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మానసిక వైద్యశాల వాల్తేరులో ఉంది కాబట్టి ‘వాల్తేరు పంపాలి’ అనేది మన ఊళ్లో తిట్టు. చిన్నప్పుడు నేనూ అన్నాను, నా విద్యార్థులూ ఒకరినొకరు అంటారు. ‘అక్కడికి వెళ్లిందని తెలిస్తే దీనికి పెళ్లవుతుందా అమ్మా?’ అని ఆమె అడిగింది. కొట్టిపారేయలేని ప్రశ్న అది. పేదింటి ఆడపిల్లకు పరువు ఒక్కటే ఆస్తి అని నమ్మే ఇళ్లలో ఆ భయం నిజమైనదే. ‘నేను కూడా వస్తాను, నా బి.పి., నిద్ర సంగతి కూడా చూపించుకుంటాను’ అన్నాను. ఒక శనివారం ముగ్గురం కలిసి వెళ్లాం. లైనులో నిలబడి ఓ.పి. చీటీలు రెండు రాయించాను, ఒకటి ఆమె పేరున, ఒకటి నా పేరున.

డాక్టరు గారు ఆమెతో అరగంటకు పైగా మాట్లాడారు. మందులు రాయలేదు, కొన్ని వారాలు వచ్చి మాట్లాడి వెళ్లమన్నారు. నాకు మాత్రం రాశారు.

ఇది జరిగాక నాకు తరచూ హుద్‌హుద్ గుర్తొచ్చేది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మన ఊరిని పిండి వేసినప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. ఎన్నో రోజులు కరెంటు లేదు. బడి ఆవరణలో పడిపోయిన చెట్లను పిల్లలూ మేమూ కలిసి లాగాం. కొమ్మలు లాగుతూ, నీళ్లు మోస్తూ పిల్లలు ఆగకుండా మాట్లాడేవారు. మా రేకులు ఎలా ఎగిరాయో, మేక ఎలా తప్పిపోయిందో, అమ్మమ్మ ఎలా అరిచిందో. అప్పుడు మాకు యాప్‌లు లేవు, కరెంటు లేదు కాబట్టి పరీక్షలూ లేవు. పని ఉంది, చేతులు ఖాళీగా లేవు, చెవులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఊరంతటికీ ఒకే కథ కాబట్టి ఎవరి కథా ఎవరికీ సిగ్గు కాలేదు. హార్బర్ మంటలు అలా కాదు. అవి కొన్ని వీధులవి మాత్రమే. ఎం.వి.పి. కాలనీలో ఉండేవాళ్లకు అది పేపర్లో వార్త. మా పిల్లలు దాన్ని ఒంటరిగా మోశారు, మేము పక్కనే ఉండి కూడా.

చదువుల ఒత్తిడి గురించి మాట్లాడినప్పుడు అందరూ కార్పొరేట్ కాలేజీలనే తలుస్తారు. తలవాల్సిందే. 2023లో మన విశాఖలోనే నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆ రోజు స్టాఫ్ రూములో వాటిని గట్టిగా చదివాను. ‘నలుగురిలో అవమానించకూడదు’ దగ్గర నా గొంతు ఆగింది.

ఒత్తిడి కార్పొరేట్ గోడల లోపలే లేదు. 2022 తొలి నెలల్లో ఎన్.సి.ఇ.ఆర్.టి. దేశవ్యాప్తంగా 3,79,842 మంది బడి పిల్లలను అడిగితే, తమ ఆందోళనకు కారణాలు చదువు, పరీక్షలు, ఫలితాలే అని 81 శాతం మంది చెప్పారు. వాళ్లలో మా పిల్లల వంటివాళ్లూ ఉన్నారు. మావాళ్లకు ర్యాంకుల భయం తక్కువ. ఫెయిలైతే ఇంటికి అదనపు బరువవుతామన్న భయం ఎక్కువ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. కానీ ఇంట్లో సంపాదన ఆగిన వారానికే పదో తరగతి ఫలితాలు వస్తాయి. 2024లో ఏప్రిల్ 22న వచ్చాయి, మరుసటి ఏడాది 23న. తండ్రి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్న రోజుల్లో పిల్ల మార్కుల కాగితం ఇంటికి చేరుతుంది. నిషేధమూ ఫలితాలూ ఒకేసారి ఎందుకు పడతాయో ఏ అధికారీ ఆలోచించి ఉండరు. నేను మాత్రం ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ వారం రోజులు పిల్లల ఇళ్లకు ఫోన్లు చేస్తాను.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. కౌన్సెలరు కావాలి, పోస్టరు కావాలి, హెల్ప్‌లైను కావాలి. అవన్నీ వచ్చాక కూడా పిల్ల మొదట కనిపించేది టీచరుకే. ఆ టీచరుకు చూసే కళ్లు మిగలాలి. ప్రేమ లేక మేము చూడటం మానలేదు, తీరిక లేక మానాం. వారానికి రెండు పీరియడ్లు ఏ ఫొటో, ఏ రిజిస్టరు, ఏ వర్క్ అడ్జస్ట్‌మెంటూ ముట్టుకోకుండా టీచరుకు వదిలేస్తే అది విలాసం కాదు. పిల్లల మానసిక ఆరోగ్యానికి పెట్టే ఖర్చులోనే దాన్ని రాయాలి.

మాకు ఎవరూ ఆ పీరియడ్లు ఇవ్వలేదు. మేమే సర్దుకున్నాం. మంగళవారం, శుక్రవారం భోజనం తర్వాత ల్యాబు తెరిచి ఉంటుంది. వంతులవారీగా ఒకరు అక్కడ కూర్చుంటారు, ఆ గంటలో వాళ్ల తరగతిని ఇంకొకరు చూసుకుంటారు. పిల్లలు రావచ్చు, రాకపోవచ్చు. మొదటి నెల ఎవరూ రాలేదు. టీచర్లు వచ్చారు. అందరూ కఠినమైన మనిషి అనుకునే లెక్కల మాస్టారు ఒక శుక్రవారం వచ్చి కూర్చుని, భూతద్దం చేతిలో తిప్పుతూ, ‘ఇంటి ముందు స్కూటరు ఆపి పది నిమిషాలు అలాగే కూర్చుంటానండీ. లోపలికి వెళితే ఎవరితోనో మాట్లాడాలి. రోజంతా మాట్లాడే ఉంటాను కదా, మాటలు మిగలవు’ అన్నారు. పదేళ్లుగా ఒకే గదిలో కూర్చుంటున్న హిందీ టీచరమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. ఆ తర్వాతి వారం నుంచి ఆయన స్పెషల్ క్లాసు ఒకటి ఆమె తీసుకుంది.

అన్నీ ఇలా కుదరలేదు. అదే ఏడాది అదే సెక్షన్‌లో ఒక అబ్బాయి ఫిబ్రవరిలో బడి మానేశాడు. బోటు పోయాక వాళ్ల నాన్న వేటపని కోసం గుజరాత్ వైపు వెళ్లాడు, అబ్బాయీ వెంట వెళ్లాడు. హాల్ టికెట్ నా బీరువాలోనే ఉండిపోయింది. ఫోను స్విచ్చాఫ్. వాళ్ల ఇంటికి రెండుసార్లు వెళ్లాను, తాళం ఉంది. అతను చివరి బెంచీలో కూర్చునేవాడు, ఎప్పుడూ నవ్విస్తుండేవాడు. వాడికి ఏమీ లేదనే అనుకున్నాను.

అమ్మాయి పది పాసైంది, ఇంటర్ బై.పి.సి.లో చేరింది. దడ పూర్తిగా పోలేదని, దీపావళికి టపాసులు మొదలయ్యే ముందు తమ్ముడినీ తననూ లోపలి గదిలోకి మార్చుకుంటానని చెప్పింది.

2024 నవంబరు 19 మంగళవారం. మంటలకు సరిగ్గా ఏడాది. కొత్త పదో తరగతి, కొత్త ముఖాలు. ఆ రోజు కూడా స్లిప్ టెస్ట్ ఉంది. కాగితాలు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాను, బల్ల మీద బోర్లించి పెట్టాను. ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి హాజరు వేశాను. ‘పోయిన ఏడాది ఇదే రోజు రాత్రి మీరంతా ఎక్కడున్నారు?’ అని అడిగాను.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. రెండో బెంచీలో ఒక పిల్లాడు చెయ్యి ఎత్తకుండానే, ‘మేడ మీద మేడం’ అన్నాడు. ‘మా తాతయ్యతో. ఆయన బోటును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.’ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇద్దరు ఒకేసారి. గోడ పక్కన కూర్చున్న అమ్మాయి లేచి నిలబడి పేలుళ్లు ఎన్ని వినిపించాయో చెప్పింది. ఇంకొకడు కాదు, ఇంకా ఎక్కువ అన్నాడు. వాళ్లు లెక్క సరిచూసుకుంటూ ఉన్నారు.

గంట కొట్టారు. తర్వాతి పీరియడ్ లెక్కలది. మాస్టారు గుమ్మం దాకా వచ్చి లోపలికి చూశారు, నా వైపు చూశారు. చాక్‌పీసు జేబులో వేసుకుని వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డారు.